పెన్రీ ఎడమచెయ్యి

నేను చేసిన తప్పు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. కాకపోతే దాన్ని లక్షా పాతిక వేల సార్లు అచ్చు వేశారు.

మొన్నీమధ్య ఫిలడెల్ఫియా నుంచి ఒకాయన వచ్చాడు. వెనకటి రోజుల్లో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు పోగుచెయ్యడం ఆయనకి పిచ్చి. ఎవరి దగ్గరో విని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదస్తుడే, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఆయన ఐవర్ బొమ్మని భూతద్దం కింద పెట్టి ఊపిరి బిగబట్టి చూశాడు.

"అమ్మా, ఇది చాలా అరుదైన బొమ్మండీ. కానీ ఈ నాలుగు మూలలా మేకు రంధ్రాలు... అయ్యయ్యో, ఎవరండీ ఈ పాడు పని చేసింది?"

"మా మామగారు."

"పాపం పెద్దాయన. దీని విలువ తెలీక చేసుంటారు."

నాకు నవ్వాగలేదు. ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసి, అమ్మేది లేదని చెప్పి సాగనంపేశాను. ఐవర్ పోయి నాలుగేళ్ళయింది. మా మామగారు పోయి ముప్పై ఏళ్ళు. ఆ బొమ్మ విలువ తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడంటూ ఉంటే ఆయనే. ఎవరికైనా చెప్పాలంటే నేను నలభై మూడేళ్ళు వెనక్కి పోవాలి, అక్కడికి పోవడం నాకు ఇష్టమే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నెవార్క్‌లో రైలుపట్టాల పక్కన ఉండేది మా రాతిఅచ్చు ప్రెస్సు. మా నాన్న అక్కడ రాతి మీద బొమ్మలు గీసే పెద్ద పనివాడు. రాళ్ళు జర్మనీలోని బవేరియా నుంచి ఓడలో వచ్చేవి. మా నాన్నా అలాగే వచ్చాడు. ఆ రాళ్ళలాగే ఆయనా ఒక చోట కూర్చుంటే కదిలే రకం కాదు. సబ్బు కాగితాలు, బీరు క్యాలెండర్లు, పళ్ళ డబ్బాల మీద అంటించే బొమ్మలు వేసేవాళ్ళం. ఆ రెండేళ్ళు మాత్రం సిగరెట్ల కంపెనీ పనే పని. సిగరెట్లు నలక్కుండా పెట్టెలో ఎలాగూ ఒక అట్టముక్క పెట్టాలి. ఆ అట్టముక్క మీద ఆటగాడి మొహం రంగుల్లో వేస్తే జనం ఇంకో పెట్టె కొంటారని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. పొగాకు కొట్టు ముందు పిల్లలు ఈగల్లా ముసిరేవాళ్ళు. పెట్టె కొని బయటికొచ్చే ప్రతి మగాణ్ణీ చుట్టుముట్టి, "సార్, బొమ్మ సార్! మీకెందుకు సార్ బొమ్మ!" అని చొక్కా పట్టుకుని లాగేవాళ్ళు. జన్మలో చుట్ట ముట్టని మా చర్చి పాస్టరు గారు కూడా పెట్టె కొని, సిగరెట్లు కాలవలో పారేసి, బొమ్మ జేబులో వేసుకుంటున్నాడని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు నా మనవలు బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మలు పోగుచేస్తున్నారు. వాటికా వాసన లేదు. మా బొమ్మలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగాకు వాసన, నూనె రంగు వాసన కలిసి వచ్చేవి.

మా పనిలో ఒక తిరకాసు ఉంది. రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది. అందుకని రాతి మీద అంతా ఉల్టాగా గీయాలి. కుడిని ఎడమగా, ఎడమని కుడిగా. సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే అద్దంలో చూసుకోవడం ఒక్కటే దారి. కాబట్టి మాలో ప్రతివాళ్ళ దగ్గరా ఒక చేతి అద్దం ఉండేది. వీధిలో కుర్రాళ్ళు, "అద్దం చూడందే అన్నం దిగదు వీళ్ళకి" అని వెక్కిరించేవాళ్ళు. అద్దంలో చూసేది మా మొహాలు కాదని చెప్పినా ఎవడు నమ్ముతాడు?

మా ప్రెస్సులో దొంగనైనా క్షమిస్తారు గానీ బొమ్మ తిరగేసినవాణ్ణి క్షమించరు. మా నాన్న వయసులో ఉండగా ఒక బీరు క్యాలెండర్‌లో గోడ గడియారాన్ని తిరగేసి గీశాడు. పద్నాలుగేళ్ళు గడిచినా, "ఏం మాస్టారూ, టైమెంతయింది?" అని అడగనివాడు పాపాత్ముడు. అందుకే నన్ను పనిలో పెట్టిన మొదటి రోజే, "టిల్లీ, అన్నం తినడం మర్చిపో, పరవాలేదమ్మా. అద్దం చూడ్డం మర్చిపోకు" అన్నాడు. నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే బాగుండేది.

ఏ ఆటగాడి బొమ్మ వెయ్యాలన్నా అతని సంతకం ఉన్న చీటీ కావాలి. మామూలుగా ఆ చీటీలు కంపెనీ మనిషి ఊరూరా తిరిగి తెచ్చేవాడు. ఐవర్ పెన్రీ మా ఊరి జట్టులోనే పిచరు, అంటే బంతి విసిరేవాడు. అందుకని ఏప్రిల్‌లో ఒకరోజు తనే నడుచుకుంటూ మా ప్రెస్సుకి వచ్చేశాడు. పొడుగ్గా ఉన్నాడు, చెవులు రెండూ బయటికి వచ్చి ఉన్నాయి. నేను బల్ల దగ్గర ఎర్రపొడి జల్లించుకుంటున్నాను. మా మేస్త్రీ వెండెల్ చీటీ ముందుకి తోశాడు.

"ఇక్కడ సంతకం. ఇక్కడ సొంత ఊరు, ఇంటి అడ్రసు."

"దీనికి నాకేమిస్తారు?"

"నీ మొహం దేశమంతా చూస్తుందయ్యా, ఇంకేం కావాలి?"

"మా అమ్మ ఇరవై మూడేళ్ళుగా చూస్తోంది. ఆవిడ మాత్రం దాంతో సిగరెట్లు అమ్ముకోలేదు."

నేను కిసుక్కున నవ్వాను. వెండెల్ నా వైపు గుడ్లురిమాడు. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు, చీటీ వంకే చూస్తున్నాడు.

"సరే, డబ్బొద్దు. బొమ్మ తయారవగానే ఒకటి నాకిప్పించండి. మా నాన్నకి పంపాలి."

అని కలం తీసుకుని సంతకం పెట్టాడు. చిన్నపిల్లాడు పలక మీద దిద్దినట్టు మెల్లగా, నాలుక కొరుక్కుంటూ పెట్టాడు. అందుకే నాకు బాగా గుర్తుండిపోయింది. కుడిచేత్తో పెట్టాడు.

రెండు వారాలకి ఫోటోగ్రాఫర్ దగ్గర్నుంచి అతని ఫోటో పడ్డ గాజు పలక వచ్చింది. దాని మీద అవతలిది కనిపించే పల్చటి రేకు పరిచి, సూదితో మనిషి గీతలన్నీ గీకి, గీతల్లో ఎర్రపొడి రుద్ది రాతి మీద అదమడం నా పని. రాతి మీద ఎర్రటి గీతలు పడతాయి. వాటి మీద నాన్న చుక్క చుక్కగా బొమ్మ నింపుతాడు. అలాగే అదిమాను. అద్దం తీసి చూశాను. అద్దంలో మనిషి ఎడమచేత్తో బంతి విసురుతున్నాడు.

నేనప్పటిదాకా ఒక్క ఆటా చూడలేదు. ఆటలున్న రోజుల్లో నాకు పని, పని లేని ఆదివారం ఆటల్లేవు. అప్పటికి నలభై మందికి పైగా ఆటగాళ్ళని గీకాను, బంతి ఎప్పుడూ కుడిచేతిలోనే ఉండేది. పైగా ఇతను సంతకం కుడిచేత్తో పెట్టడం కళ్ళారా చూశాను. గాజు పలకని ఎటు నుంచైనా చూడొచ్చు, నేనే తిరగేసి పెట్టుకున్నానని అనుకున్నాను. చొక్కా మీద జట్టు పేరున్నా తెలిసేది. అతనిది ఏ అక్షరం లేని తెల్ల చొక్కా. అందరూ భోజనానికి వెళ్ళిన వేళ చూసి రాయి తుడిచేసి, గాజు తిప్పి, మొదటి నుంచీ మళ్ళీ గీకాను. ఈసారి అద్దంలో బంతి కుడిచేతిలో ఉంది. అమ్మయ్య అనుకుని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. మా నాన్నకొచ్చిన చెడ్డపేరు నాకు రాకుండా గట్టెక్కానని మనసులో పొంగిపోయాను. సరిగ్గా ఉన్నదాన్ని దిద్దేటంత జాగ్రత్త నాది.

నాన్న ఆ బొమ్మని ప్రాణం పెట్టి గీశాడు. వెనకాల సాయంకాలపు నారింజరంగు ఆకాశం, బుగ్గల మీద కాస్త ఎరుపు, చెవుల్ని కూడా మొహమాటపడకుండా ఉన్నవి ఉన్నట్టు దింపాడు.

జూలైలో ఆ బొమ్మలు పెట్టెల్లో పడ్డాయి. ఐవర్ ఒకటి అడిగిన సంగతి వెండెల్ మర్చేపోయాడు. ఒకరోజు మధ్యాహ్నం ప్రెస్సు తలుపు దభాలున తెరుచుకుంది. ఐవర్ లోపలికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చేతిలో తన బొమ్మ.

"ఎవరు గీశారిది?"

వెండెల్ బొమ్మ తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. "బ్రహ్మాండంగా ఉందే. ముక్కు నీకంటే దీనికే బాగుంది."

"నేను ఎడమచేత్తో వేస్తాను. పొగాకు కొట్టు దగ్గర పిల్లలు నవ్వుతున్నారు, పెన్రీ, చెయ్యి ఎప్పుడు మార్చావని."

వెండెల్ బొమ్మని చూశాడు, అతన్ని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు. "ఆ ఫోటో తీసినవాడే ఏదో తిరగేసి పంపుంటాడు. లక్షా పాతిక వేలు బయటికి పోయాయి నాయనా, ఇప్పుడు చేసేదేముంది? సిగరెట్లు నలక్కుండా పెట్టే అట్టముక్క అది. ఏ చెయ్యో ఎవడు చూడొచ్చాడు?"

"మా నాన్న చూస్తాడు."

ఆ మాటతో నేనింక ఆగలేకపోయాను. చేతిలో సూది కింద పెట్టేసి లేచాను.

"ఫోటో ఆయన తప్పు కాదు. తిప్పింది నేను. మీరు సంతకం కుడిచేత్తో పెట్టారు కదా, అందుకని..."

గది అవతల నాన్న కలం ఆగిపోయింది. ఆయన తలెత్తలేదు.

ఐవర్ నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అదే కష్టమైపోయింది. "రాత కుడిచేత్తోనే. అలా రాయించారు" అన్నాడు. తర్వాత అతను చెప్పింది నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. వాళ్ళ నాన్న గెథిన్ పెన్రీ, పెన్సిల్వేనియా బొగ్గు గనిలో కప్పు పడకుండా దుంగలు నిలబెట్టే పనివాడు, వేల్సు వాళ్ళ చర్చికి పెద్ద. పుర్రచెయ్యి సైతానుదని ఆయన నమ్మకం. తీర్పు రోజున దేవుడు పాపుల్ని నెట్టే ఎడమవైపు మేకల్లో నిలబడతావురా అనేవాడు. ఐవర్‌కి ఆరేళ్ళప్పటి నుంచి తొమ్మిదేళ్ళు వచ్చేదాకా, ప్రతి రాత్రీ భోజనాల బల్ల దగ్గర, గని గాడిదకి కట్టే తోలుపట్టీతో ఎడమచేతిని కుర్చీకి కట్టేసేవాడు. పదిహేడో ఏట ఐవర్ ఆ చేత్తోనే బంతి విసిరి బతుకుతానని ఇల్లు వదిలితే, ఆ చేత్తో సంపాదించిన రొట్టె నా గడప దాటి లోపలికి రాకూడదని ఆయన తలుపేసుకున్నాడు. ఆరేళ్ళుగా మాటల్లేవు.

"నా మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. నేను పంపాలనుకున్నది నా చెయ్యి. ఇదిగో నాన్నా, నువ్వు కట్టేసిన చెయ్యి, దేశమంతా కొనుక్కుంటోందని." వెండెల్ చేతిలోంచి బొమ్మ లాక్కున్నాడు. "ఆయన కట్టేశాడు, నేను విప్పుకున్నాను. మీరు మళ్ళీ కట్టేశారు."

బొమ్మని బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేనూ నాన్నా ఇంటికి నడిచి వస్తున్నాం. నేను ముక్కు చీదుకుంటూ నడుస్తున్నాను. వంతెన మధ్యకొచ్చాక నాన్న ఆగి, నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "టైమెంతయిందమ్మా?" అన్నాడు.

నేను ఏడుస్తూనే నవ్వేశాను. నా జీవితంలో నన్ను ఎవరూ అంత ప్రేమగా వెక్కిరించలేదు.

నవ్వు నవ్వే, తప్పు తప్పే. అతను బల్ల మీద పడేసిన బొమ్మ నా దగ్గరే ఉంది. చీటీలో ఇంటి అడ్రసూ ఉంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ఆ పెద్దమనిషికి ఉత్తరం రాశాను. అప్పటి నా తెలివితక్కువ రాతంతా ఇక్కడ చెప్పను గానీ, చివరి మాటలివి: "అయ్యా, ఈ బొమ్మ తిరగబడింది. మీ అబ్బాయి ఎడమచేత్తో వేస్తాడు, తప్పు నాది, అతనిది కాదు. మా పనిలో నిజం ఎలా ఉందో తెలియాలంటే అద్దంలో చూస్తాం. మీరూ ఒకసారి అద్దంలో చూడండి. అందులో కనిపించేవాడే మీ అబ్బాయి." బొమ్మని ఉత్తరంలో పెట్టి టపాలో వేశాను.

జవాబు రాలేదు. ఆగస్టు పోయింది. పోస్టుమాన్ మా మెట్లెక్కకుండా ముందుకి పోయిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది.

సెప్టెంబరులో ఒక శనివారం ప్రెస్సు మధ్యాహ్నానికే మూశారు. నేను నేరుగా ఆటకి వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు బల్ల మీద కూర్చుని, మొదటిసారి ఐవర్ పెన్రీ బంతి వెయ్యడం చూశాను. ఆ ఎడమచెయ్యి వెనక్కి పోయి, పైకి లేచి, బంతిని వదిలే తీరు చూస్తుంటే నాకు ఆట సంగతే గుర్తు లేదు. అవతలివాళ్ళు బ్యాట్లు ఊపుతున్నారు, జనం అరుస్తున్నారు. ఇంత అందమైనదాన్ని రాయి తుడిచినట్టు తుడిచేశానా అని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను అతన్ని ప్రేమించింది ఆ క్షణంలోనే. ఎవరడిగినా ఇదే చెప్తాను, సిగ్గేం లేదు.

ఆటయ్యాక గేటు దగ్గర నిలబడి, అతను రాగానే ఉత్తరం సంగతంతా చెప్పేశాను.

"నిన్నెవరు పంపమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఆయన ఈపాటికి పొయ్యిలో వేసుంటాడు."

"వేస్తే వెయ్యనివ్వండి. పంపింది మీరు కాదుగా, నేను. కాలితే నా ఉత్తరమే కాలింది, మీ పరువు కాదు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఆట చూడ్డం ఇదే మొదలా?"

"ఆఁ."

"ఏమైనా అర్థమైందా?"

"మీరు ఏ చేత్తో వేస్తారో అర్థమైంది."

ఐవర్ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. మరుసటి ఏడు జూన్‌లో మా పెళ్ళయింది. మా నాన్న పెళ్ళికి గోడ గడియారం కానుకిచ్చాడు. దాని అంకెలు సరిగ్గానే ఉన్నాయి, నేను చూసుకున్నాను.

ఆ ఏడాది ఆగస్టులో ఐవర్ భుజం పోయింది. ఒకరోజు ఆట మధ్యలో ఏదో తెగినట్టయిందన్నాడు. తర్వాత చెయ్యి తలపైకి లేవలేదు. సెప్టెంబరులో జట్టు అతన్ని వదిలేసింది. సిగరెట్ పెట్టెల్లో మాత్రం అతని బొమ్మ ఇంకా వస్తూనే ఉంది. ట్రాములో పక్కన కూర్చున్నవాడు ఐవర్ బొమ్మ బయటికి తీసి చూసుకునేవాడు, పక్కనే ఉన్న మనిషిని గుర్తుపట్టేవాడు కాదు. ఐవర్ కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అప్పుడొచ్చింది వాళ్ళమ్మ ఉత్తరం. నాలుగే నాలుగు ముక్కలు. "బాబూ, భుజం సంగతి పేపర్లో చదివి చర్చిలో ఎవరో చెప్పారు. కోడల్ని తీసుకుని ఒకసారి రా. మీ నాన్నతో అన్నాను. ఆయన రమ్మనలేదు, వద్దనీ అనలేదు."

"ఇప్పుడెందుకు వెళ్ళడం?" అన్నాడు ఐవర్. "చూపిద్దామంటే ఆ చెయ్యి కూడా లేదు. చూశావా, దేవుడే కట్టేశాడు అంటాడు. ఆ మాట ఆయన నోట వినలేను టిల్లీ."

"అంటే వెంటనే లేచి వచ్చేద్దాం. రైళ్ళు అటే కాదు, ఇటూ నడుస్తాయి."

అలా అన్నానే గానీ దారిపొడుగునా నా గుండెలో రాయి ఉంది. ఆ ముసలాయన ఆ మాటంటే ఐవర్ మళ్ళీ మనిషి కాలేడని నాకు తెలుసు. ఏడాది కిందట నేను రాసిన ఉత్తరమే ఆయన మనసు ఇంకా విరిచేసిందేమో అన్న భయం ఒకటి.

ట్రెవర్ హాలో అనే ఆ గని ఊరికి చేరేసరికి సాయంత్రమైంది. మా అత్తగారు గుమ్మంలోనే కొడుకుని పట్టుకుని ఏడ్చింది. నా బుగ్గలు రెండు చేతులా నొక్కి, "ఉత్తరం రాసిన పిల్లవి నువ్వేనా తల్లీ?" అంది. మామగారు పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. నున్నగా గీసిన గడ్డం. గని మనిషికి అంత నున్నటి గడ్డం నేనెక్కడా చూడలేదు.

"వచ్చారా" అన్నారు. అంతే.

"చేతులు కడుక్కుని రండి, వడ్డించేస్తాను" అంది అత్తగారు.

ఐవర్ వెనకగదిలోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. అతను రాలేదు. చాలాసేపటికి వచ్చాడు. మొహమంతా తడి, తుడుచుకోలేదు. నన్ను చూడకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు.

నేను వెళ్ళాను. చిన్న గది. తొట్టె, దాని పైన మేకుకి గడ్డం గీసుకునే అద్దం. పక్కన పాత తోలుపట్టీ వేలాడుతోంది. కత్తి పదునుపెట్టి పెట్టి అది నల్లగా మెరుస్తోంది. కట్టు రంధ్రాలు ఇంకా ఉన్నాయి. అది ఏ పట్టీయో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. చేతులు కడుక్కుని తలెత్తాను. అద్దంలో నా మొహం, నా భుజం మీదుగా వెనక గోడ, ఆ గోడ మీద నారింజరంగు ఆకాశం కింద నిలబడి ఐవర్. ఎడమచేత్తో బంతి విసురుతున్నాడు.

వెనక్కి తిరిగాను. బొమ్మ గోడకి ఉంది, నాలుగు మూలలా నాలుగు చెప్పుల మేకులు. సరిగ్గా అద్దానికి ఎదురుగా, నిలబడ్డ మనిషి కంటి ఎత్తున. అక్కడ నిలబడి గడ్డం గీసుకునేవాడు దాన్ని అద్దంలో తప్ప చూడలేడు. నేను మళ్ళీ అద్దం వైపు తిరిగాను. బొమ్మ కింద పేరు అద్దంలో తిరగబడి ఉంది. నాకది అలవాటైన చదువే. పెన్రీ.

అత్తగారు తువ్వాలు పట్టుకుని నా వెనక నిలబడింది. మెల్లగా చెప్పింది. "నీ ఉత్తరం వచ్చిన రోజు రెండుసార్లు చదివించుకున్నారు. మర్నాడు సుత్తి పట్టుకుని ఇక్కడికొచ్చారు. అంతకుముందు శనివారం ఒక్కరోజే గడ్డం గీసుకునేవారమ్మా. ఇప్పుడు రోజూ గీసుకుంటున్నారు."

నేను తువ్వాలులో మొహం దాచుకుని కాసేపు అక్కడే ఉండిపోయాను.

బల్ల దగ్గర అందరం కూర్చున్నాం. మాంసం, ఉల్లికాడలు వేసి కాచిన పులుసు గిన్నెల్లో పొగలు కక్కుతోంది. మామగారు వేల్సు భాషలో ప్రార్థన చేశారు. మా ఇంట్లో ఎడమచేత్తో తినే ఐవర్, ఆ కుర్చీలో కూర్చోగానే ఎడమచేతిని తొడ కింద పెట్టేసుకున్నాడు. తనకే తెలియకుండా పెట్టేసుకున్నాడు. చెక్క చెంచా కుడిచేత్తో పట్టుకుని గిన్నెలోకే చూస్తున్నాడు. అత్తగారి చేతిలో రొట్టె కోసే కత్తి ఆగిపోయింది.

మామగారు చెయ్యి చాపారు. కొడుకు వేళ్ళ మధ్య నుంచి చెంచా తీసుకుని, గిన్నెకి ఎడమవైపు పెట్టారు.

"పులుసు చల్లారిపోతోంది" అన్నారు. "నీ చేత్తో తినరా."

ఐవర్ తొడ కింద నుంచి చెయ్యి బయటికి తీశాడు. ఎన్నో వేలమంది ముందు ఆట గెలిపించిన చెయ్యి అది. ఆ చేత్తో చెంచా అందుకుని, వాళ్ళ నాన్న చూస్తుండగా పులుసులో ముంచాడు.